అల్లుడి నోట్లో శని

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరో గాని, ఉదయభాస్కర వర్మని కళ్ళారా చూశాకే ఆ మాట అని ఉంటారు. కాకపోతే సామెతలో శని కంటికి కనబడడు. ఉదయభాస్కర్ నోట్లో ఉన్నది నలుగురికీ కనబడుతుంది. పైవరసన, కిందివరసన పంటికొక చిన్న ఇనపముక్క, ఆ ముక్కలన్నిటినీ కలుపుతూ ఒక సన్నని తీగ. జనం వాటిని క్లిప్పులంటారు. వంకర పళ్ళు వరసలోకి రావడానికి వేయించుకుంటారు.

ఉదయభాస్కర్‌ది కొవ్వూరు. రోజూ వంతెన దాటి రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళొస్తాడు. ముందుపళ్ళు రెండూ ఒకదానిమీద ఒకటి కాలేసుకుని కూర్చున్నా ఇరవై తొమ్మిదేళ్ళు పట్టించుకోనివాడు, పెళ్ళి కుదిరిందనగానే అద్దం ముందు నిలబడ్డాడు. పళ్ళ డాక్టరు ఆశాజ్యోతి చూసి, ఏడాదిన్నరలో సరిచేసి ఇస్తానంది. పెళ్ళి ఎలాగూ అప్పటికి గదా అని సరేనన్నాడు. తీరా క్లిప్పులు పడ్డాక, శుక్రమూఢం ముంచుకొస్తోందని పంతులుగారు వేళ్ళమీద లెక్కగట్టి ముహూర్తాన్ని ముందుకి లాగేశారు. గ్రహాలు ఒకరి పళ్ళు చూసుకుని తిరగవు.

పెళ్ళిలో ఉదయభాస్కర్ నోరు తెరవలేదు. ఫోటోగ్రాఫరు నవ్వమన్నా తెరవలేదు, వరసైనవాళ్ళు ఏడిపించినా తెరవలేదు. మంత్రాలు ముక్కుతో చెప్పాడు. "ఎంత గంభీరమండీ పెళ్ళికొడుకు!" అని ఆడపెళ్ళివారు మురిసిపోయారు. అసలు సంగతి పెళ్ళికూతురు మంజుషకి ఒక్కర్తికే తెలుసు. నిశ్చితార్థం అయ్యాక వీడియో కాల్‌లో చూసి పడీపడీ నవ్వి, "నాకేం ఫర్వాలేదు గాని మా నాన్నకి ఇప్పుడు చెప్పకండి, పెళ్ళయ్యాక నిదానంగా చెబుదాం" అంది. నిదానంగా చెబుదామనుకున్న మాటల గతి ఎప్పుడూ ఇంతే. చెప్పేలోగా విస్తరి వేసేస్తారు.

మంజుష తండ్రి గోపాలకృష్ణంరాజుగారికి భీమవరం పక్క పల్లెలో రొయ్యల చెరువులున్నాయి, మేడ ఉంది, నలుగురిలో మాట ఉంది. ఆయనకి లోకంలో ఒకటే భయం. తన గడప తొక్కిన మనిషి ఆకలితో వెళ్ళాడని ఎవరైనా అంటారేమోనని. కరెంటు మీటరు రీడింగు తీసేవాళ్ళు ఆ వీధికి ఖాళీ కడుపుతోనే వస్తారు. దీనికి తోడు కిందటేడు ఆయన తోడల్లుడు తన కొత్తల్లుడికి నూరు పైచిలుకు రకాలు వడ్డించి, వీడియో తీసి, జనం ఫోన్లలోకి వదిలాడు. అది చూసినప్పటినుంచి రాజుగారికి తిండి సయించలేదు. అంటే ఆయన తిండి కాదు, ఆ తోడల్లుడి తిండి.

పెళ్ళయ్యాక కొత్త దంపతులు పెళ్ళికూతురి పుట్టింటికి వెళ్ళి మూడు రోజులు విందులు తినడం ఆనవాయితీ. మనుగుడుపులంటారు. పెళ్ళికొడుకు వెంట తోడు పెళ్ళికొడుకు కూడా వెళతాడు. ఉదయభాస్కర్‌కి తోడు అతని బాబాయి కొడుకు కార్తీక్. బలమైన పళ్ళు, కల్లాకపటం లేని మనసు, లోతు తెలియని కడుపు గల కుర్రాడు.

బయల్దేరే ముందురోజు ఉదయభాస్కర్ వెళ్ళి తీగ బిగింపించుకొచ్చాడు. అనుకున్న తారీకు అదే మరి. ఇదివరకే జంతిక కొరికి రెండు ముక్కలు ఊడగొట్టుకున్న ఘనుడు గనక ఆశాజ్యోతి గట్టిగానే చెప్పింది. గట్టివి వద్దు, సాగేవి వద్దు, కొరికి తినేవి వద్దు, బొమికల జోలికి పోవద్దు, ఈ వారమైతే నాలుకతో నలిగేది తప్ప ఏదీ వద్దు. మళ్ళీ ఒక్కటి ఊడిందా, పని మొదటికొస్తుంది.

"మా అత్తవారు భీమవరం వైపండి" అన్నాడు ఉదయభాస్కర్.

ఆవిడ అతన్ని కాసేపు జాలిగా చూసింది. "దేవుడున్నాడండి" అంది.

అత్తవారింట విస్తరి ముందు కూర్చున్నాక ఉదయభాస్కర్‌కి దేవుడు కనబడలేదు. కనబడడానికి సందు లేదు. ఆకులో చోటు చాలక ఆకు చుట్టూ, పీట చుట్టూ, అతని మోకాళ్ళ పక్కన కూడా గిన్నెలు పేర్చారు. తాపేశ్వరం కాజాలు, జంతికలు, చెగోడీలు, గోరుమిటీలు, మామిడితాండ్ర, నాటుకోడి వేపుడు, వేటమాంసం, నల్లి బొమికలు, కాళ్ళు పైకెత్తిన పీతలు, తోకలతో సహా వేగిన రొయ్యలు, ఉడకబెట్టిన తేగలు. వంటమేస్త్రి చంద్రరావు మండపేట నుంచి మనుషుల్ని వెంటేసుకొచ్చి రెండు రోజులుగా పొయ్యి ఆర్పలేదట. రకాలు నూట అరవై దాటాయని రాజుగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు.

"తీపితో మొదలెట్టండి బాబూ. కాజా కొరకండి" అన్నారు రాజుగారు.

ఉదయభాస్కర్ కాజా తీసుకుని నాలిక్కి తాకించాడు.

"కొరకండి."

మళ్ళీ తాకించాడు. బంతిలో కూర్చున్న చుట్టాలందరూ చేతులు ఆపేసి చూస్తున్నారు. కొత్తల్లుడు మొదటి ముద్ద తింటే గాని మిగతావాళ్ళు ముట్టకూడదు. అందరి ఆకలీ అతని పళ్ళమీద ఆధారపడి ఉంది.

"మావయ్యగారూ, నాకు పళ్ళకి..." అని అతను నోరు తెరిచాడు. అదే సమయానికి కిటికీలోంచి ఎండ వచ్చి సరిగ్గా అక్కడే పడింది. నోరంతా జిగేల్మంది. రాజుగారి మేనత్త, ఎనభై దాటిన మనిషి, పీటమీంచి సగం లేచింది.

"ఇనుం! ఒరే గోపాలం, అల్లుడి నోటినిండా ఇనుమేనర్రా! ఇనుం శనిదిగా!"

రాజుగారి మొహంలో రంగు పోయింది. క్లిప్పులంటే ఏంటో ఆయనకి తెలియక కాదు. కాలేజీ పిల్లల నోళ్ళలో చూశారు. కాని కాలేజీ పిల్లలెవరూ ఆయన ఇంట నూట అరవై రకాల ముందు కూర్చోలేదు. ఉదయభాస్కర్ చేతిలోంచి ఫోను తీసుకుని అప్పటికప్పుడు ఆశాజ్యోతికి వీడియో కాల్ చేయించి, గిన్నె గిన్నెకీ ఫోను వంచి చూపించడం మొదలుపెట్టారు.

"డాక్టరమ్మా, నమస్కారవండి. ఇది కాజా. తినొచ్చాండి?"

"వద్దండి."

"పాకం పీల్చేసి పెంకు వదిలేస్తేనండి?"

"పాకం తీగలో పట్టేస్తుందండి."

"పోన్లెండి. ఇది పీత."

"అస్సలు వద్దండి."

"పీతని నేనే కొట్టి, లోపలి గుజ్జు తీసి, నా చేత్తో పెడితేనండి?"

"గుజ్జయితే ఫర్వాలేదండి."

"మరి డిప్ప కనబడకపోతే, తిన్నది పీతని అల్లుడుగారికి ఎలా తెలుస్తుందండి?"

దానికి వైద్యశాస్త్రంలో జవాబు లేదు. పాయసం చూపించారు. పాయసం తినొచ్చంది. దగ్గరగా చూపిస్తే జీడిపప్పు తెప్పలు కట్టి ఉంది. పప్పు ఏరేసి పెట్టమంటే, "ఏరేస్తే ఇంక అందులో మర్యాదేముందండీ?" అన్నారాయన. పులిహోరలో వేరుసెనగపప్పు, దద్దోజనంలో దానిమ్మగింజలు, చివరికి సేమ్యాలో కూడా బాదం పలుకులు. అల్లుడికి పెట్టే మెత్తని పదార్థం ఏదైనా సరే, పైన కరకరలాడేది ఒకటి చల్లకపోతే చంద్రరావుకి చెయ్యి ఆడదు.

"రాజుగారూ, ఇవేవీ వద్దు గాని, మెత్తగా పిసికిన అన్నం పెట్టండి చాలు" అంది ఆశాజ్యోతి విసిగిపోయి.

రాజుగారు ఫోనులో ఎవరి చావు కబురో వచ్చినట్టు నిలబడిపోయారు. "అల్లుడికి పథ్యమాండీ! మనుగుడుపుల్లో! భీమవరంలో నేను తలెత్తుకు తిరగక్కర్లేదా?" అని, కాస్త తమాయించుకుని, "మీరు కూడా భోజనానికి రండమ్మా, ఇక్కడ కూర్చుని ఒక్కొక్కటీ చూసి చెబుదురు గాని" అన్నారు. ఆవిడ పేషెంట్లున్నారని చెప్పి పెట్టేసింది.

తర్వాత చంద్రరావు ఒక ఉపాయం చెప్పాడు. "ఆయ్, అన్నీ మిక్సీలో ఏసి తిప్పేత్తానండి." తిప్పాడు. కాజా తిప్పాడు, కోడి తిప్పాడు, చెగోడీలు తిప్పాడు. గిన్నెలన్నిటిలోనూ ఒకటే గోధుమరంగు ముద్ద వచ్చి కూర్చుంది. రాజుగారు ఒకటి నాలిక్కి రాసుకుని రొయ్యల పచ్చడి బ్రహ్మాండంగా ఉందన్నారు. అది సున్నుండ అని చంద్రరావు చెప్పాడు. రేపు తను వదలబోయే వీడియోలో ఇవన్నీ చూసి తోడల్లుడు ఎంత నవ్వుతాడో తలుచుకుని రాజుగారు ఆ గిన్నెల్ని తీయించేశారు.

"పోనీ, మెత్తగా ఉన్నవి నాలుగు తింటానండి" అన్నాడు ఉదయభాస్కర్ భయపడుతూ.

"అమ్మో! నాలుగు తిని లేస్తే వంట బాగోలేదని అర్థం బాబూ. అసలు తినకపోతే ఏ అర్థమూ రాదు."

అప్పుడే మేనత్త మళ్ళీ నోరు విప్పింది. "తోడు పెళ్ళికొడుకెందుకున్నాడ్రా మరి? తోడు తింటే పెళ్ళికొడుకు తిన్నట్టే. మా రోజుల్లో పెళ్ళికొడుక్కి జొరమొస్తే తోడే తిన్నాడు, తోడే తాంబూలం పుచ్చుకున్నాడు."

అందరూ కార్తీక్ వైపు చూశారు. పాపం కార్తీక్ ఆ పాటికే దొంగచాటుగా ఒక రొయ్యని ముట్టుకుని ఉన్నాడు.

కార్తీక్ తినడం చూడవలసిన ముచ్చట. కాజాని రెండు కొరుకుళ్ళలో తేల్చాడు. పీత డిప్పని పంటితోనే విప్పాడు. నల్లి బొమికని పీలిస్తే వీధిలో కుక్క తలెత్తి చూసింది. రాజుగారికి కళ్ళు చెమర్చాయి. తన తోడల్లుడి అల్లుడు కెలికి వదిలేశాడే గాని ఇలా తిన్నాడా? ఉదయభాస్కర్ కూడా గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాడు. "మీరు ఖాళీగానే ఉన్నారు గదా బాబూ, ఈ వీడియో కాస్త తీసి పెడతారా?" అని రాజుగారు ఫోను చేతికిస్తే సంతోషంగా అందుకున్నాడు. మనిషి తన చోటు పోగొట్టుకునే వేళ ఎప్పుడూ అంత హాయిగానే ఉంటుంది.

మర్నాడు చూసేసరికి వెండి గ్లాసు కార్తీక్ ముందుంది. నెమలికన్నులు చెక్కిన పీట కూడా అతని కిందికే వెళ్ళింది. ఉదయభాస్కర్ విస్తరి ముందు పక్కకి జరిగి, తర్వాత బంతి చివరికి వెళ్ళి, మధ్యాహ్నానికి అసలు లేకుండా పోయింది. నిలబడి వీడియో తీసేవాడికి విస్తరి ఎందుకు? ఇరుగుపొరుగువాళ్ళు, అల్లుడుగారు రుచి చూడాలని తలా ఒక గిన్నె పట్టుకొచ్చారు. ఆ వచ్చినవాళ్ళకి రాజుగారు మొదట్లో "ఇతను తోడు పెళ్ళికొడుకండి" అని చెప్పారు. తర్వాత "ఇతనే మా..." అని ఆగారు. సాయంత్రానికి ఆగడం కూడా మానేశారు.

కార్తీక్‌ని చెరువులమీదికి తీసుకెళ్ళి రొయ్యలు చూపించారు. సెల్‌ఫోన్ల షోరూంలో పనిచేసే కార్తీక్‌కి రొయ్య విస్తట్లోనే తెలుసు. ఏది చూపించినా "బాగుందండి" అన్నాడు. వ్యవహారం తెలిసిన మనిషని రాజుగారు మెచ్చుకున్నారు. అల్లుడి శనిదోషానికి మందపల్లి శనేశ్వరుడి గుళ్ళో తైలాభిషేకం చేయించి రమ్మని ఎవర్నో పంపితే, వాళ్ళు అక్కడ పేరు కార్తీక్ అని చెప్పొచ్చారు. అన్నదమ్ముల పిల్లలే కాబట్టి గోత్రం కలిసింది. దేవుడి దగ్గర కూడా అభ్యంతరం రాలేదు.

ఒక్క ముసలాయన మాత్రం, రాజుగారికి దూరపు బంధువు, ఉదయభాస్కర్ భుజం తట్టి "ఏమ్మా, భోంచేశావా?" అని అడిగాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అతన్ని ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే.

"లేదండి."

"మరే. అల్లుడుగారి బంతి లేచాక ఫోటోగ్రాఫర్లకి పెడతార్లే. వీళ్ళింట్లో ఎవరికీ లోటు చెయ్యరు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే దగ్గర్లో ఉంది. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, మంజుష కొంగుచాటున తెచ్చిచ్చే అరటిపళ్ళు, ఇవీ అతని మనుగుడుపులు. పిండివంటల వాసన మేడమీదికి వస్తుంటే పైన గదిలో కూర్చుని, తను తీసిన వీడియోలో తన తమ్ముడు తింటున్నది చూసుకున్నాడు. ఆకలి ఒక ఎత్తు, అవమానం ఇంకో ఎత్తు. తాళి కట్టింది తను. ఈ ఇంటికి అల్లుడు మాత్రం కార్తీక్.

మంజుష మొదటిరోజు నవ్వింది. రెండోరోజు నవ్వలేదు.

"మీరు నోరు తెరిచి అడగాలండీ" అంది అరటిపండు వొలుస్తూ. "నేనడిగితే అప్పుడే మొగుణ్ణి వెనకేసుకొస్తోందంటారు. మా నాన్న చెడ్డవాడు కాదు. ఎవరైనా అడిగితే ప్రాణమైనా పెడతాడు."

"కొత్తల్లుణ్ణి. అన్నం పెట్టండని ఎలా అడగను? సిగ్గు లేదూ?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరేమో మావగారు పెట్టాలంటున్నారు."

అతను అరటిపండు తిని పడుకున్నాడు. చిన్నప్పటినుంచీ అంతే. కొవ్వూరులో వాళ్ళమ్మ కంచం ముందుకి తోస్తే తినేవాడు, తోయకపోతే కూర్చునేవాడు. బ్యాంకులో కూడా ప్రమోషన్ ఎవరో తలుచుకుని ఇస్తే పుచ్చుకున్నాడు. అడగడమనేది అతని ఇంటావంటా లేదు.

మూడోరోజు మధ్యాహ్నం బట్టలు పెట్టే ముహూర్తం. కూతుర్నీ అల్లుణ్ణీ పీటలమీద కూర్చోబెట్టి, కొత్తబట్టలు చేతిలో పెట్టి, అక్షింతలు వేసి అత్తవారింటికి పంపుతారు. హాలునిండా చుట్టాలు చేరారు. రాజుగారి భార్య సూర్యావతిగారు మాత్రం ఇంకా రాలేదు. మూడు రోజులుగా వంటింటి గుమ్మం దాటని మనిషి ఆవిడ. వంట చంద్రరావుదే అయినా, ఏ గిన్నె ఎటు వెళ్ళాలో చెప్పేది ఆవిడే. "మీరు కానివ్వండి, నేను రెండు మెతుకులు తిని బీపీ మాత్ర వేసుకుని వస్తాను" అని కబురు పంపింది.

మంజుషని తెచ్చి పీటమీద కూర్చోబెట్టారు. పక్కపీటమీద కార్తీక్ ఉన్నాడు. పాపం అతనిలో ఏ దురుద్దేశమూ లేదు. పొద్దున్న టిఫిన్లకి అక్కడ కూర్చున్నాడు, తర్వాత లేవలేకపోయాడు. రెండుసార్లు ప్రయత్నించి, చేతులు నేలకానించి, మళ్ళీ కూలబడ్డాడు. ఇప్పుడు సగం కళ్ళు మూసుకుని గోడకి జారబడి ఉన్నాడు. ఉదయభాస్కర్ ఎదురుగా నిలబడి వీడియో తీస్తున్నాడు.

రాజుగారు పట్టుపంచె పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, కార్తీక్ ఒళ్ళో పెట్టారు. "బాబూ, ఒక్కగానొక్క కూతురు. మీ చేతుల్లో పెడుతున్నాను" అని మంజుష చెయ్యి పట్టుకున్నారు.

మంజుష చెయ్యి లాగేసుకుని లేచి నిలబడింది.

"నాన్నా! ఈయన కాదు మా ఆయన!"

రాజుగారు నిజంగానే అయోమయపడ్డారు. కార్తీక్‌ని చూశారు, కూతుర్ని చూశారు, బంతి బంతికీ ఖాళీ అయిన విస్తర్లు ఆయన కళ్ళముందు తిరిగాయి.

"మరి తిన్నదెవరమ్మా?"

అడగవలసిన ప్రశ్నే అనిపించింది చాలామందికి. మూడు రోజులు ఈ ఇంటి తిండి తిన్నవాడు అల్లుడు కాకపోతే, ఇంక ఎవరు అల్లుడు? మేనత్త కూడా తల ఊపింది.

ఈ క్షణాన ఊరుకుంటే ఇక జీవితమంతా ఇంతే, ఎవరో తింటుంటే తను చూడడమే అని ఉదయభాస్కర్‌కి తట్టింది. ఆ ఆలోచనకి ఒళ్ళు మండింది. ఫోను కిటికీలో పెట్టేశాడు. జనాన్ని తోసుకుని వచ్చి రాజుగారి ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నోరు బార్లా తెరిచాడు. ఇనుము కనబడుతోందన్న సిగ్గు ఎటుపోయిందో పోయింది.

"నాకు ఆకలేస్తోంది మావయ్యగారూ! మూడు రోజులయింది. అన్నం పెట్టండి!"

రాజుగారు ఒక్కసారిగా మెలకువ వచ్చినవాడిలా అయిపోయారు. తన ఇంట్లో ఒక మనిషి ఆకలన్నాడు. బతుకంతా దేనికి భయపడ్డారో ఆ మాట నిండు హాల్లో, చుట్టాల ముందు, అల్లుడి నోట్లోంచే వచ్చింది.

"అయ్యో, అయ్యయ్యో! ఏం కావాలి బాబూ? ఏది కావాలంటే అది. చెప్పండి, క్షణంలో పెట్టిస్తాను."

"చారన్నం. మెత్తగా పిసికి."

"ఓస్, అంతేగా! చంద్రరావూ, చారు!"

చంద్రరావు గుమ్మంలో చేతులు నలుపుకున్నాడు. "చారెట్టలేదండి."

"ఏం?"

"అల్లుడుగారికి చారేంట్రా, మతుందా అన్నారండి తవరే."

"సరే. అన్నం తీసుకురా, పెరుగేసి కలుపుదాం."

"తెల్లన్నం వండలేదండి. బిర్యానీలు ఐదు రకాలున్నాయండి."

రాజుగారు పీటమీద కూలబడ్డారు. నూట అరవై రకాలు వండిన ఇంట్లో అడిగినవాడికి చారన్నం లేదు. కారేసుకుని భీమవరం హోటల్‌కి వెళ్ళమని ఒకర్ని పంపబోయారు. "అల్లుడికి హోటల్ చారా!" అని మేనత్త అడ్డుపడింది. ఇప్పుడు పెట్టమంటే చింతపండు నానాలి, మరగాలి, అన్నం ఉడకాలి అన్నాడు చంద్రరావు. ఇద్దరు చుట్టాలు పక్కిళ్ళకి గిన్నెలు పట్టుకుని పరుగెత్తారు. పక్కిళ్ళవాళ్ళందరూ ఇవాళ పొద్దుటినుంచీ ఇక్కడే తింటున్నారు కాబట్టి అక్కడ పొయ్యిలు వెలగలేదు. కొంపలంటుకున్నంత పని అయింది.

ఆ గొడవకి వంటింట్లోంచి సూర్యావతిగారు వచ్చింది. చేతిలో చిన్న స్టీలు గిన్నె ఉంది.

"ఏంటండీ ఆ కేకలు?"

"చారన్నం లేదట సూర్యావతీ! మన ఇంట్లో! అల్లుడు అడిగితే లేదట!"

ఆవిడ తన గిన్నెలోకి చూసుకుంది. "ఇదుందండి. నా మట్టుకు విడిగా వండుకున్నది. నేను తింటున్నది."

మేనత్త చెవులు మూసుకుంది. "ఎంగిలే! అల్లుడికి ఎంగిలా!"

"ఎంగిలేనండి. ఇంకోటి లేదు" అంది సూర్యావతిగారు.

ఉదయభాస్కర్ అరచెయ్యి చాచాడు. ఆవిడ ఒక్క నిమిషం తటపటాయించి, అతని ఎదురుగా కూర్చుని, అన్నం మళ్ళీ ఒకసారి మెత్తగా నలిపి, ముద్ద చేసి, చేతిలో పెట్టింది. మిరియం ఘాటు, ఇంగువ వాసన, గోరువెచ్చగా. నాలుక అలా కదిపితే కరిగి గొంతులోకి దిగిపోయింది. తీగ లేదు, క్లిప్పు లేదు, పన్ను లేదు. అతని కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి, వాటిని తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. ఆవిడ రెండో ముద్ద పెట్టింది.

రాజుగారు భార్య గిన్నె వైపే చూస్తున్నారు.

"నువ్వు రోజూ ఇదే తింటావా?"

"దవడ పళ్ళు పోయి చాలా ఏళ్ళయిందండి. ఇదే దిగుతుంది."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడూ అడగలేదండి."

అందులో నిష్ఠూరమేమీ లేదు. పాలవాడు రాలేదని చెప్పినంత మామూలుగా చెప్పి మూడో ముద్ద కలుపుతోంది. రాజుగారు హాలునిండా ఉన్న జనాన్ని చూశారు. వీళ్ళలో తను తిన్నారా అని అడగనివాడు ఒక్కడు లేడు. ఆయన మెల్లిగా పీటమీంచి దిగి, పంచె సర్దుకుని, అల్లుడి పక్కన నేలమీద కూర్చున్నారు. ఉదయభాస్కర్ కొంచెం జరిగి చోటిచ్చాడు.

"నాకూ ఒక ముద్ద పెట్టు సూర్యావతీ" అన్నారు చెయ్యి చాచి.

ఆవిడ గిన్నె వంచి చూసుకుంది. అడుగున ఇంకా రెండు ముద్దలకి సరిపడా ఉంది. మొగుడి చెయ్యి పక్కకి జరిపింది.

"ఉండండి. ముందు అల్లుణ్ణి తిననివ్వండి."